పాత యంత్రము – క్రొత్త వ్యవస్థ

'క్రొత్త ఒక వింత, పాత ఒక రోత' అని మన పెద్దలు చెప్పినారు. ఈ సామెత నేడు కంప్యూటర్ల విషయములో మిక్కిలి బలముగా వినవచ్చుచున్నది. ఎనిమిది తొమ్మిదేండ్ల క్రిందట కొన్న యంత్రము చక్కగా పనిచేయుచున్నను, 'ఇది పాతది. దీనిపై క్రొత్త ఆపరేటింగ్ సిస్టమ్ నడవదు' అని ఒక్క మాటతో దానిని మూలకు నెట్టుచున్నారు. ఆ మాట నిజమా? నిజమైనచో ఎంతవరకు నిజము? దానిని పరీక్షించి తెలిసికొనుటకు సామాన్యునకు మార్గమున్నదా? ఈ ప్రశ్నలను గూర్చి మాకు తోచిన నాలుగు మాటలు చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మేము తెలుగు బోధించువారము. యంత్రశాస్త్రము మా శాస్త్రము కాదు. అయినను తెలుగు వ్యాసము వ్రాయవలెనన్నను, ఉర్దూ పుట కూర్చవలెనన్నను, విద్యార్థి ఉపకారవేతనపు దరఖాస్తు పంపవలెనన్నను నేడు కంప్యూటరు ముందు కూర్చొనక తప్పదు. కావున ఈ విషయమును శాస్త్రజ్ఞులకు వదలి ఊరకుండుట భాషాధ్యాపకులకు కూడ తగదని మా అభిప్రాయము.

ఈ ప్రశ్న ఇప్పుడే ఇంత తీవ్రముగా ముందునకు వచ్చుటకు ఒక కారణమున్నది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2015లో వెలువరించిన విండోస్ 10 అను వ్యవస్థకు ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినవి. దాని తరువాతిదైన విండోస్ 11, 2021 అక్టోబరులో వచ్చినది. అది పాత యంత్రములలో అనేకమును స్వీకరించదు. అందువలన ఖమ్మము మొదలు భద్రాచలము వరకు గల కళాశాలలలో, కార్యాలయములలో, ఇంటర్నెట్ కేంద్రములలో ఒకే ప్రశ్న వినవచ్చుచున్నది: 'యంత్రమును మార్చవలెనా, లేక వ్యవస్థను మార్చిన చాలునా?'

సరంగు మారినంత మాత్రమున లాంచీ మారదు

ముందుగా యంత్రము వేరు, వ్యవస్థ వేరు అని గ్రహించవలెను. పాపికొండల నడుమ గోదావరిపై తిరుగు లాంచీని తలచుకొందము. లాంచీకి ఇంజను ఉన్నది, చుక్కాని ఉన్నది. అయినను సరంగు లేనిదే అది రేవు విడువదు. ఏ సుడి నుండి తప్పించుకొనవలెనో, ఎక్కడ ఇసుక మేట వేసినదో, ఎవరిని ఎక్కించుకొని ఎవరిని దింపవలెనో చూచువాడు సరంగు. కంప్యూటరులో ప్రాసెసరు, మెమరీ, డిస్కు అనునవి లాంచీ వంటివి. ఆపరేటింగ్ సిస్టమ్ సరంగు వంటిది. మనము తాకిన మీటను అక్షరముగా మార్చి తెరపై చూపునదియు, ఫైలును డిస్కుపై భద్రపరచునదియు, ప్రింటరుతో మాటలాడునదియు, ఒకేసారి నడచు పది పనుల మధ్య తగవు లేకుండ చూచునదియు అదియే.

ఒకే లాంచీని వేర్వేరు సరంగులు నడుపగలరు. అట్లే ఒకే కంప్యూటరుపై విండోస్ నడువవచ్చును, లినక్స్ నడువవచ్చును. అయితే ప్రతి సరంగు ప్రతి లాంచీని నడుపలేడు. ఏ వ్యవస్థ ఏ యంత్రముపై నడచును అను ప్రశ్నకు సమాధానము యంత్రము కొన్న సంవత్సరములో లేదు. అది మూడు విషయములలో ఉన్నది: ప్రాసెసరు ఎన్ని బిట్లది, మెమరీ ఎంత, వ్యవస్థ తయారు చేసినవారు పెట్టిన నిబంధన ఏమి. వీనిని వరుసగా చూతము.

మొదటిది : 32 బిట్లా, 64 బిట్లా?

కంప్యూటరుకు తెలిసిన అంకెలు రెండే – సున్న, ఒకటి. అట్టి ఒక్కొక్క స్థానమును 'బిట్' అందురు. ఒక ప్రాసెసరు ఒక్కసారిగా ఎన్ని బిట్ల సంఖ్యను చేతబట్టగలదు అనుదానిని బట్టి దానిని 32-బిట్ ప్రాసెసరు అనియు, 64-బిట్ ప్రాసెసరు అనియు పిలుతురు.

ఈ లెక్క మన తెలుగు నేలకు క్రొత్తది కాదు. హైదరాబాదులో 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అనగా ఇ.సి.ఐ.ఎల్., స్వదేశీ కంప్యూటర్ల తయారీలో ముందు నడచిన సంస్థలలో ఒకటి. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రములో రూపొందిన టి.డి.సి.-12 అను యంత్రము 1969 నాటిది. ఆ పేరులోని 12 అను సంఖ్య దాని బిట్లనే తెలుపుచున్నది. తరువాత హైదరాబాదులో తయారైన టి.డి.సి.-316 పదునారు బిట్లది. ఆ 12 బిట్ల నుండి నేటి 64 బిట్ల వరకు జరిగిన ప్రయాణమే కంప్యూటరు చరిత్రలో ఒక ముఖ్యభాగము.

ఈ బిట్లకు, మెమరీకి ఉన్న సంబంధమును తపాలా బంట్రోతును ఉదాహరణగా తీసికొని చెప్పవచ్చును. ఒక ఊరిలో ఇంటి నంబర్లను రెండంకెలకు మించి వ్రాయరాదని నియమమున్నచో, సున్న సున్న మొదలు తొంబదితొమ్మిది వరకు నూరిండ్లకే నంబర్లు వచ్చును. నూటొకటవ ఇల్లు కట్టినను దానికి ఉత్తరము చేరదు. మెమరీలోని ప్రతి గదికి కూడ ఇట్టి నంబరు ఉండవలెను. 32 బిట్లతో ఏర్పడగల నంబర్లు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అనగా నాలుగు గిగాబైట్లు. సాధారణ 32-బిట్ విండోస్ వ్యవస్థకు ఇది ఎల్ల. అందులోను కొంతభాగము లోపలి పరికరముల చిరునామాలకే పోవును. మనకు మిగులునది ఇంచుమించు మూడు, మూడున్నర గిగాబైట్లు మాత్రమే. ఎనిమిది గిగాబైట్ల మెమరీని కొని తెచ్చి అమర్చినను, 32-బిట్ విండోస్ 10 దానిలో సగమునకు పైగా వాడుకొనలేదు. 64 బిట్లతో ఈ ఇబ్బంది తొలగినది.

ఇక్కడ గుర్తుంచుకొనవలసిన సూత్రము ఒకటి కలదు. 64-బిట్ ప్రాసెసరుపై సామాన్యముగా 32-బిట్ వ్యవస్థయు నడచును, 64-బిట్ వ్యవస్థయు నడచును. 32-బిట్ ప్రాసెసరుపై మాత్రము 64-బిట్ వ్యవస్థ నడువదు. ఎంత మెమరీ పెంచినను, ఎంత నేర్పరి వచ్చినను నడువదు. ఇది యంత్రపు నిర్మాణమునకు చెందిన హద్దు.

మన గృహములలోని కంప్యూటర్ల వంటివానికి 64-బిట్ ప్రాసెసర్లను 2003లో ఎ.ఎం.డి. సంస్థ మొదట తెచ్చినది. మరుసటి యేడు ఇంటెల్ సంస్థయు అదే బాట పట్టినది. 2006లో వచ్చిన కోర్ టూ డ్యుయో మొదలు డెస్క్‌టాప్ కంప్యూటర్లలో అత్యధికము 64-బిట్ ప్రాసెసరు కలవియే. కావున నేడు 'పాతది' అనబడు యంత్రములలో చాలవరకు లోపలి ప్రాసెసరు 64 బిట్లదే. దానిపై ఎక్కించిన వ్యవస్థ మాత్రము 32 బిట్లది కావచ్చును. ఆ రోజులలో రెండు గిగాబైట్ల మెమరీ మాత్రమే ఉండుటచే అమ్మినవారు 32-బిట్ విండోస్ 7ను ఎక్కించి ఇచ్చెడివారు. తరువాత అదియే విండోస్ 10గా మారినది. యజమాని మాత్రము తన యంత్రమునకు అంతే శక్తి ఉన్నదని తలచుచున్నాడు. చేతిలో వెన్న పెట్టుకొని నేతికి ఊరంతా తిరుగుట అనగా ఇదియే.

దీనిని తెలిసికొనుట కష్టము కాదు. విండోస్ 10లో సెట్టింగ్స్ తెరచి, సిస్టమ్ అను భాగములో చివరనున్న అబౌట్ అను మాటను నొక్కవలెను. అక్కడ సిస్టమ్ టైప్ అను వరుస కనిపించును. అందులో రెండు సంగతులుండును: ఒకటి వ్యవస్థ ఎన్ని బిట్లది, రెండవది ప్రాసెసరు ఎట్టిది. '32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ఆధారిత ప్రాసెసరు' అని ఉన్నచో యంత్రమునకు 64 బిట్ల శక్తి ఉన్నదనియు, దానిని మనము వాడుకొనుట లేదనియు అర్థము. 'ఎక్స్86 ఆధారిత ప్రాసెసరు' అని ఉన్నచో అది నిజముగా 32 బిట్ల యంత్రము.

ఒక హెచ్చరిక. 32-బిట్ విండోస్ నుండి 64-బిట్ విండోస్‌కు మారుటకు మెట్టు మీద మెట్టుగా ఎక్కు మార్గము లేదు. పాత వ్యవస్థను తీసివేసి క్రొత్తదానిని మొదటి నుండి ఎక్కించవలెను. కావున అంతకుముందే ఫైళ్ళన్నిటిని వేరొక డిస్కుపైకి నకలు తీసి ఉంచుకొనవలెను. ఈ జాగ్రత్త లేక సంవత్సరముల శ్రమను పోగొట్టుకొనినవారు ప్రతి ఊరిలోను కలరు.

రెండవది : నడచుట వేరు, పనికివచ్చుట వేరు

విండోస్ 10కు కావలసిన కనీస మెమరీ, 32-బిట్ రూపమునకు ఒక గిగాబైటు, 64-బిట్ రూపమునకు రెండు గిగాబైట్లు అని దానిని తయారు చేసినవారు చెప్పినారు. విండోస్ 11కు నాలుగు గిగాబైట్ల మెమరీయు, 64 గిగాబైట్ల డిస్కుయు కనీసము కావలెను. అయితే 'కనీసము' అను మాటను జాగ్రత్తగా అర్థము చేసికొనవలెను. కనీసముతో యంత్రము తెరచుకొనును. దానిపై పని సాగునని అర్థము కాదు. నేడు మెమరీని ఎక్కువగా మ్రింగునది ఇంటర్నెట్ చూపు బ్రౌజరు. ఉపకారవేతనముల పుట ఒకటి, ఉత్తరముల పుట ఒకటి, ఒక వీడియో పాఠము తెరచినచో రెండు గిగాబైట్లు చాలవు. నాలుగైనచో ఓర్పుతో పనిచేయవచ్చును. ఎనిమిదైనచో హాయిగా పనిచేయవచ్చును.

మెమరీ తరువాత చూడవలసినది డిస్కు. పాత యంత్రము మందగించుటకు అనేక సమయములలో ప్రాసెసరు కారణము కాదు. లోపల గిరగిర తిరుగు పాత విధపు హార్డ్ డిస్కే కారణము. తిరుగు భాగములు లేని ఎస్.ఎస్.డి.ని దాని స్థానములో అమర్చినచో, అదే యంత్రము క్రొత్త ఊపిరి పోసికొన్నట్లు లేచి కూర్చొనును. క్రొత్త కంప్యూటరు ఖరీదుతో పోల్చినచో ఈ ఖర్చు స్వల్పము. అయితే ప్రాసెసరు 32 బిట్లదైన యంత్రముపై ఈ ఖర్చును పెట్టుట మా దృష్టిలో లాభసాటి కాదు.

మూడవది : శక్తి ఉండియు అనుమతి లేకపోవుట

పై రెండింటిలోను గట్టెక్కిన యంత్రమును కూడ విండోస్ 11 త్రిప్పి పంపవచ్చును. దానికి కారణము యంత్రపు అశక్తత కాదు, తయారీదారులు విధించిన నిబంధన. విండోస్ 11 అడుగునవి ముఖ్యముగా ఇవి: ప్రాసెసరు 64 బిట్లదై ఉండవలెను, రహస్యపు తాళములను భద్రపరచు టి.పి.ఎం. అను చిన్న పరికరము రెండవ తరమునకు చెందినది లోపల ఉండవలెను. యంత్రము మేల్కొనునప్పుడు పరాయి ప్రోగ్రాము చొరబడకుండ చూచు సెక్యూర్ బూట్ అను ఏర్పాటు ఉండవలెను. ప్రాసెసరు వారు ప్రకటించిన జాబితాలో ఉండవలెను. ఆ జాబితా సుమారుగా ఇంటెల్ ఎనిమిదవ తరముతో, ఎ.ఎం.డి. రైజెన్ రెండువేల శ్రేణితో మొదలగుచున్నది. అనగా 2017 చివర, 2018 ప్రాంతమునకు పూర్వపు యంత్రములు ఇంచుమించు అన్నియు వెలుపల నిలిచినవి.

ఈ నిబంధన వెనుక సమంజసమైన కారణము లేకపోలేదు. భద్రత నానాటికి కష్టమగుచున్న కాలములో తాళము గట్టిగా ఉండవలెననుట తప్పు కాదు. కాని 2016 నాటి యంత్రము విండోస్ 11 పనిని మోయలేదని దీని అర్థము కాదని మాత్రము మనము గ్రహించవలెను. ఇక్కడ యంత్రమునకు శక్తి ఉన్నది, అనుమతి లేదు.

నిబంధనను తప్పించి ఎక్కించు ఉపాయములు కొందరికి తెలియును. అట్టి యంత్రములకు సవరణలు తప్పక వచ్చునని మైక్రోసాఫ్ట్ హామీ ఇచ్చుట లేదు. అంతేకాక 2024లో వచ్చిన విండోస్ 11 విడుదలకు ప్రాసెసరులో కొన్ని ప్రత్యేక ఆదేశములు తప్పనిసరి. అవి లేని కోర్ టూ డ్యుయో కాలపు యంత్రములు ఉపాయముతో కూడ మేల్కొనవు. ఫీజుల లెక్కలు, విద్యార్థుల వివరములు ఉంచు కార్యాలయపు కంప్యూటరుపై ఇట్టి ఉపాయములు చేయరాదని మా నిశ్చితాభిప్రాయము.

విండోస్ 10నే ఇంకను వాడదలచినవారికి ఒక సక్రమమైన మార్గము ఉన్నది. నమోదు చేసికొన్న వ్యక్తులకు భద్రతా సవరణలు 2026 అక్టోబరు 13 వరకు ఇత్తుమని మైక్రోసాఫ్ట్ ప్రకటించినది. తమతో లైసెన్సు ఒప్పందము గల విద్యాసంస్థలకు మూడు సంవత్సరములు ఇచ్చుటకు అంగీకరించి, ఒక్కొక్క యంత్రమునకు మొదటి సంవత్సరమునకు ఒక డాలరు, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు డాలర్లు అని ధర నిర్ణయించినది. వ్యాపార సంస్థలకు మొదటి సంవత్సరపు ధరయే 61 డాలర్లని గుర్తుంచుకొన్నచో, ఇది ఎంత వెసులుబాటో బోధపడును. మన వంటి కళాశాలల పాలకవర్గములు ఈ సంగతిని గమనింపవలెను.

ఇంకొక సరంగు : లినక్స్

విండోస్ ద్వారము మూసికొనినంత మాత్రమున యంత్రపు ఆయుష్షు ముగియదు. లినక్స్ అను వ్యవస్థను ఎవరైనను ఉచితముగా తెచ్చుకొని, ఎన్ని యంత్రములపైనైనను ఎక్కించుకొని, ఇతరులకు కూడ పంచవచ్చును. ఇందులో డెబియన్, ఉబుంటు, మింట్ మొదలగు అనేక రూపములున్నవి. వీనికి టి.పి.ఎం. అక్కరలేదు. తేలికపాటి రూపమును ఎన్నుకొన్నచో నాలుగు గిగాబైట్ల మెమరీతో 2010 నాటి 64-బిట్ యంత్రము నేటి వ్యవస్థను, నేటి సవరణలను పొందుచు పనిచేయగలదు. పాత యంత్రముపై క్రొత్త వ్యవస్థ నడచునా అను ప్రశ్నకు 'నడచును' అని ధైర్యముగా చెప్పగల మార్గము ఇది.

ఇది దూరదేశపు మాట కాదు. కేరళ రాష్ట్రములో పాఠశాలలకు కంప్యూటరు విద్య నందించు కైట్ అను ప్రభుత్వ సంస్థ ఉబుంటు ఆధారముగా తామే వ్యవస్థను కూర్చి పాఠశాలలలో వాడుచున్నది. కేంద్ర ప్రభుత్వ సంస్థయైన సి-డాక్ 2007లో డెబియన్ ఆధారముగా బాస్ అను వ్యవస్థను భారతీయ భాషలతో వెలువరించినది. మన హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ అను సంస్థ తెలుగులో కనిపించు లినక్స్ వ్యవస్థను 2005లోనే తెచ్చినది.

లినక్స్‌లో ఇంకొక సౌకర్యము కలదు. దానిని ఒక పెన్‌డ్రైవుపై ఎక్కించి, ఆ పెన్‌డ్రైవు నుండియే యంత్రమును మేల్కొల్పి, లోపలి డిస్కును తాకకుండ పరీక్షించి చూడవచ్చును. తెర వెలుగుచున్నదా, ధ్వని వచ్చుచున్నదా, వైఫై అందుచున్నదా, ప్రింటరు పలుకుచున్నదా అని అరగంటలో తేల్చుకొనవచ్చును. నచ్చకపోయినచో పెన్‌డ్రైవు తీసివేసిన చాలును; యంత్రము ఎప్పటివలెనే ఉండును. పెండ్లికి ముందు పిల్లను చూచినట్లు వ్యవస్థను ముందుగా చూచుకొను అవకాశమిది.

అయితే నిజమును దాచరాదు. నిజముగా 32 బిట్ల ప్రాసెసరు గల యంత్రములకు లినక్స్ ద్వారము కూడ మూసికొనుచున్నది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13ను ఆ యంత్రములపై ఎక్కించుటకు వీలు లేదు. 2023 నాటి డెబియన్ 12యే వానికి చివరిది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు కూడ 2025లో తన 144వ విడుదలతో 32-బిట్ లినక్స్‌కు సాధారణ విడుదలలను ముగించినది. అట్టి యంత్రములను టైపు నేర్చుకొనుటకు, ఇంటర్నెట్ అక్కరలేని పనులకు కొంతకాలము వాడుకొనవచ్చును, అంతకుమించి ఆశించరాదు.

మన రెండు లిపుల కథ

ఇంతవరకు చెప్పినది ఏ కళాశాలకైనను వర్తించును. తెలుగు, ఉర్దూ రెండు కన్నులుగా గల మన వంటి కళాశాలకు ఇందులో వేరొక ముఖ్యవిషయము ఉన్నది. మన అక్షరములు తెరపై నిలుచునది యంత్రపు బలముతో కాదు, వ్యవస్థ యొక్క సంస్కారముతో.

ప్రపంచ లిపుల కన్నిటికి సంఖ్యలు కేటాయించు యూనికోడ్ పద్ధతిలో 1991 నాటి మొదటి విడుదలలోనే తెలుగుకు చోటు దొరికినది. అయినను విండోస్ 98 కాలములో తెలుగు యూనికోడ్ అక్షరములు తెరపై డబ్బాలుగా కనిపించెడివి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి. తనతో గౌతమి అను తెలుగు ఫాంటును తెచ్చినది. గౌతమి అనగా మన గోదావరియే. ఒత్తులు, గుణింతములు తమ తమ స్థానములలో కుదురుకొనుటకు కావలసిన ఏర్పాటు ఆ వ్యవస్థలో ఉన్నది. అదే యంత్రముపై పాత వ్యవస్థ ఉన్నప్పుడు డబ్బాలు, క్రొత్త వ్యవస్థ ఎక్కినప్పుడు అక్షరములు! భద్రాచలపు అడవి పల్లెలలోని కోయభాషను కూడ మన ప్రాంతమున తెలుగు లిపిలో వ్రాయుచున్నారు గనుక, ఆ భాషలో కథలు, పాటలు వ్రాసి ఉంచదలచిన విద్యార్థికిని ఇదే మేలు కలిగినది.

ఉర్దూకు ఎదురైన కష్టము ఇంతకంటె పెద్దది. నస్తాలీఖు లిపిలో అక్షరములు ఒకే గీతపై కూర్చొనవు; ప్రతి పదము కుడి నుండి ఎడమకు ఏటవాలుగా దిగివచ్చును; ప్రక్కనున్న అక్షరమును బట్టి ప్రతి అక్షరము రూపు మారును. ఈ సొగసును యంత్రమునకు నేర్పుట సులభము కాదు. అందువలన ఉర్దూ పత్రికలు చాలకాలము ఇన్‌పేజ్ అను ప్రత్యేక ప్రోగ్రాముపై ఆధారపడినవి. విండోస్‌తో పాటుగానే నస్తాలీఖు ఫాంటు వచ్చుట 2012 నాటి విండోస్ 8తో సాధ్యమైనది. తరువాత నోటో నస్తాలీఖ్ ఉర్దూ అను ఉచిత ఫాంటు వచ్చి లినక్స్‌లో కూడ ఆ లోటు తీర్చినది.

ఇందువలన ఒక లాభము, ఒక ప్రమాదము కలవు. వ్యవస్థ క్రొత్తదైనకొలది మన లిపులు మరింత చక్కగా కనిపించుట లాభము. ఇక ప్రమాదము సంగతి. యూనికోడ్‌కు పూర్వము ఆయా ఫాంట్ల సొంత పద్ధతిలో కూర్చిన తెలుగు పుటలు, ఇన్‌పేజ్ పాత రూపములలో కూర్చిన ఉర్దూ పుటలు ఆ ప్రోగ్రాములు లేనిదే చదువుటకు రావు. 64-బిట్ విండోస్‌పై మరీ పాతవైన 16-బిట్ ప్రోగ్రాములు అసలు నడువవు. లినక్స్‌పై విండోస్ ప్రోగ్రాములు ఉన్నవి ఉన్నట్లుగా నడువవు. ఒక సంచిక కూర్చిన ఫైలు డిస్కుపై భద్రముగా ఉండియు, దానిని తెరచు సాధనము లేక మూగబోవుట కంటె విచారకరమైనది మరియొకటి ఉండదు. కావున వ్యవస్థను మార్చుటకు ముందే అట్టి పుటలన్నిటిని ఒకసారి పి.డి.ఎఫ్. రూపములో దాచి, వీలైనంతవరకు యూనికోడ్‌లోనికి మార్చి ఉంచుకొనవలెను. తాళపత్రములు చెదలు పట్టకముందే నకలు తీసిన లేఖకుల శ్రద్ధ నేడు మనకును అవసరము.

పాత వ్యవస్థయే అపాయము

'ఏదియు మార్చక, ఉన్నదానితోనే గడుపరాదా?' అని కొందరు అడుగవచ్చును. గడుపరాదనుటకు ఒక ఉదాహరణ చాలును. 2017 మే 12న వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమున సుమారు 150 దేశములలో కంప్యూటర్లను పట్టుకొని, ఫైళ్ళకు తాళము వేసి, తెరచుటకు సొమ్ము అడిగినది. బ్రిటనులో ఆసుపత్రుల పనులు నిలిచిపోయినవి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడ దాని వాతబడినట్లు ఆనాటి పత్రికలలో వచ్చినది. విండోస్‌లోని ఏ లోపము ద్వారా అది ప్రవేశించినదో, ఆ లోపమును పూడ్చు సవరణ రెండు నెలల ముందే, ఆ సంవత్సరము మార్చిలోనే వచ్చియున్నది. సవరణను పొందిన యంత్రము, అది ఎంత పాతదైనను, ఆ దెబ్బ నుండి తప్పించుకొన్నది. సవరణను పొందని యంత్రము, అది ఎంత క్రొత్తదైనను, చిక్కుకొన్నది.

మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదియే. యంత్రము పాతదగుట దోషము కాదు; వ్యవస్థ పాతబడి సవరణలు లేకుండుట దోషము.

మనము చేయదగినది

కళాశాల సంఘ పెద్దలకు మా విన్నపము ఒక్కటి. యంత్రములన్నియు పాతవని ఒకేసారి అమ్మివేయుటయు వద్దు, ఖర్చుకు వెనుదీసి అన్నిటిని ఉన్నట్లే ఉంచుటయు వద్దు. ముందుగా ఒక పుస్తకములో ప్రతి యంత్రమునకు ఒక వరుస కేటాయించి, ప్రాసెసరు పేరు, ఎన్ని బిట్లది, మెమరీ, డిస్కు విధము, టి.పి.ఎం. సంగతి వ్రాయించవలెను. ఈ పని మన విద్యార్థులే రెండు మధ్యాహ్నములలో చేయగలరు. వారికి అది పాఠము కూడ అగును.

ఆ పుస్తకము చూచినంతనే యంత్రములు తమంతట తామే మూడు తెగలుగా విడిపోవును. విండోస్ 11కు అర్హత గలవి మొదటి తెగ. వానిని కార్యాలయమునకు, ప్రత్యేక ప్రోగ్రాములు కావలసిన పనులకు ఉంచవలెను. 64 బిట్లదై, నాలుగు గిగాబైట్లు గాని అంతకు మించి గాని మెమరీ ఉండియు అర్హత లేనివి రెండవ తెగ. వీనిలో అవసరమైన వానికి విద్యాసంస్థల ధరకు సవరణలు కొనవచ్చును, మిగిలినవానికి ఎస్.ఎస్.డి. అమర్చి లినక్స్ ఎక్కించి గ్రంథాలయమునకు, టైపు అభ్యాసమునకు ఇయ్యవచ్చును. 32 బిట్లవి మూడవ తెగ. వీనిని ఇంటర్నెట్‌కు దూరముగా ఉంచి, పనికివచ్చినంత కాలము వాడి, ఆ తరువాత సాగనంపవలెను.

సాగనంపుట యనగా తుక్కువానికి తూకమున కమ్ముట కాదు. ఈ యంత్రములలో సీసము మొదలగు విషపదార్థములున్నవి. తీగలను కాల్చి రాగి తీసినచో ఆ పొగ గాలిలో, బూడిద వాగులో కలియును. మన వాగులు చేరునది గోదావరినే. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న నూతన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలు ఇట్టి వస్తువులను నమోదైన శుద్ధి సంస్థలకే చేర్చవలెనని చెప్పుచున్నవి.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. మీలో అనేకులు మన్యపు అంచు గ్రామముల నుండి వచ్చుచున్నారు. క్రొత్త ల్యాప్‌టాప్ కొనుట ప్రతి ఇంటికి సాధ్యము కాదు. అన్నయ్య గాని, మేనమామ గాని వాడి వదలిన యంత్రము మీ చేతికి వచ్చినచో చిన్నబుచ్చుకొనవలదు. సిస్టమ్ టైప్ అను వరుసను చూడుడు, మెమరీని లెక్కించుడు, ఒక పెన్‌డ్రైవుపై లినక్స్ తెచ్చి పరీక్షించుడు. ఆ యంత్రము మీ డిగ్రీ చదువు ముగియువరకు మీకు తోడుగా నిలువవచ్చును. దుకాణము వాడు 'పాతది' అన్నప్పుడు, 'ఎన్ని బిట్లది? ఎంత మెమరీ? ఏ నిబంధన వలన పనికిరాదు?' అని మూడు ప్రశ్నలు అడుగ నేర్చుకొనుడు. ఆ మూడింటికి సమాధానము దొరికిన తరువాతనే డబ్బు సంచి విప్పవలెనా, విప్పనక్కరలేదా అను సంగతి తేల్చుకొనుడు.